హాన్స్ కొన్నావు సరే, బెల్టు ఎక్కడ కట్టావు?

ఈ టపా రాయాలా వద్దా అని రెండు వారాలు ఆలోచించాను. ఎందుకంటే ఇది చదివేవాళ్ళలో ఒకడు నాతో ఇప్పటికే మాట్లాడ్డం మానేశాడు. చదివాక ఇంకో ఇద్దరు మానేస్తారేమో. మానేస్తే మానెయ్యనీ. మనుషులు బతికుంటే మాటలు ఎప్పటికైనా కలుస్తాయి.

ముందు తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఇక్కడ మిషిగన్‌లో మనవాళ్ళు ఒకప్పుడు శనాదివారాలొస్తే క్రికెట్, లేదా ఎవరింట్లోనో పాట్‌లక్. ఇప్పుడు కొంతమందికి కొత్త పిచ్చి పట్టింది: ట్రాక్ డే. అంటే రేసు కాదు. రేస్ ట్రాక్‌ని ఏదో ఒక క్లబ్బు ఆ రోజుకి అద్దెకి తీసుకుంటుంది. మనం డబ్బు కట్టి, మన సొంత కారు తీసుకెళ్ళి, పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్‌ని కూర్చోబెట్టుకుని, పోలీసుల భయం లేకుండా తోలుకోవచ్చు. దీన్నే హెచ్‌పీడీఈ అంటారు. నాకూ పట్టింది ఆ పిచ్చి, మూడేళ్ళ క్రితం. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ కార్లు తిరిగినప్పుడు మా వాట్సాప్ గ్రూపులో రాత్రంతా ఎవడూ నిద్రపోలేదు. ఆ ఊపులో ట్రాక్ డేలకి పేర్లిచ్చినవాళ్ళే మాలో అయిదుగురు. కాబట్టి ఇది బయట నిలబడి రాళ్ళేసేవాడి ఏడుపు కాదు, లోపలివాడి ఏడుపే.

అసలు విషయానికొస్తాను.

రెండు వారాల క్రితం మావాడొకడు (ఇంజినీరింగ్‌లో నా బెంచీమేటు, పేరు అనవసరం) ట్రాక్‌లో తన కారు చూపించాడు. ఎర్ర రంగు ఫోర్-పాయింట్ హార్నెస్, కొత్త హెల్మెట్, మెడమీద నల్లగా మెరిసిపోతున్న హాన్స్ డివైస్. "ఏరా మామా, ఎలా ఉంది? ఇప్పుడు నేను సేఫ్" అన్నాడు. నేను కారు వెనక తలుపు తీసి చూశాను. భుజం బెల్టులు రెండూ సీటు వెనకనుంచి కిందకి జారి, వెనక సీటు బెల్టు బోల్టుల దగ్గర, నేల మీద తేలాయి. నిటారుగా కొండ దిగినట్టున్నాయి. పైగా రెండూ రెండు వైపులకి విడిపోయి ఉన్నాయి. కింద, కాళ్ళ మధ్య నుంచి రావాల్సిన పట్టీ అసలు లేదు.

"మామా, ఇలా కట్టకూడదు" అన్నాను.

"షాపువాడే బిగించాడు రా. పొద్దున టెక్ ఇన్‌స్పెక్షన్ కూడా పాసయింది. పద, రెండు ల్యాపులు వేసొద్దాం" అన్నాడు.

నేను ఎక్కనన్నాను. అందరి ముందూ అన్నాను, అదే తప్పయింది. "ప్రతిదానికీ మాన్యువల్ చదివే మొహం నీది" అని వెళ్ళిపోయాడు. ఇప్పటికీ ఫోన్ ఎత్తట్లేదు.

సరే, నా వాదన ఒక్క ముక్కలో: బెల్టు తప్పుగా కట్టి హాన్స్ పెట్టుకోవడం కన్నా, కారుతో పాటు ఫ్యాక్టరీ ఇచ్చిన మామూలు సీటు బెల్టు పెట్టుకుని, కొంచెం నెమ్మదిగా తోలుకోవడం మేలు. సగం సేఫ్టీ అనేది సగం ప్రమాదం కాదు, ఒక్కోసారి రెట్టింపు ప్రమాదం. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మన పెద్దలన్నది ఇలాంటివాళ్ళని చూసే అయ్యుంటుంది.

ఎందుకో చెప్తాను. కాస్త ఓపిక పట్టండి, ఇంటర్మీడియట్ ఫిజిక్స్ దాటి పోను.

హాన్స్ అసలు చేసే పనేంటి? కారు గంటకి వంద మైళ్ళ వేగంతో వెళ్ళి గోడకి కొట్టుకుందనుకోండి. ఒళ్ళుని బెల్టులు ఆపుతాయి. తలని ఆపేదెవరు? మెడ. తల, హెల్మెట్ కలిపి ఆరున్నర కిలోలనుకుందాం. 50 జీ దెబ్బ తగిలిందనుకుంటే ఆ తల ఆ క్షణంలో 325 కిలోల బరువుతో ముందుకి లాగుతుంది. ఆ లాగుడికి కపాలం అడుగున, వెన్నెముక కలిసే చోట ఎముక విరుగుతుంది. బయటికి పెద్ద గాయం కనపడదు, మనిషి మాత్రం ఉండడు. 1981లో ఫ్రెంచ్ రేసర్ పాట్రిక్ జాక్‌మార్ ఒహాయోలోని మిడ్-ఒహాయో ట్రాక్‌లో ఇలాగే పోయాడు. అతని మిత్రుడు, రేసర్ జిమ్ డౌనింగ్ ఆ దెబ్బకి కదిలిపోయి తన బావ రాబర్ట్ హబ్బర్డ్‌ని అడిగాడు, దీనికేదైనా చెయ్యలేమా అని. హబ్బర్డ్ మా పక్కనే ఉన్న మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో బయోమెకానిక్స్ ప్రొఫెసర్. అలా పుట్టింది హాన్స్. 1980ల చివర్లో డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ యూనివర్సిటీలో బొమ్మలని కూర్చోబెట్టి గుద్దించి పరీక్షించారు.

చూడ్డానికి అదొక కాలర్. భుజాల మీదుగా రెండు కాళ్ళు ఛాతీ మీదకి దిగుతాయి, మెడ వెనక ఒక గోడలాంటిది లేస్తుంది. ఆ గోడ నుంచి రెండు పట్టీలు హెల్మెట్‌కి తగులుకుంటాయి. గుద్దుకున్నప్పుడు తల ముందుకి పోబోతుంటే పట్టీలు హెల్మెట్‌ని పట్టుకుంటాయి, పట్టీలని కాలర్ పట్టుకుంటుంది. మరి కాలర్‌ని ఎవరు పట్టుకుంటారు?

ఇదీ అసలు ప్రశ్న. కాలర్‌ని పట్టుకునేది భుజం బెల్టులు. అంతే, ఇంకేం లేదు. దానికి స్క్రూలు లేవు, బోల్టులు లేవు, జిగురు లేదు. మన ఒంటికీ దానికీ మధ్య ఉన్న ఏకైక కనెక్షన్ ఆ రెండు బెల్టులు. బెల్టు దానిమీద సరిగ్గా కూర్చోకపోతే హాన్స్ అంటే వందల డాలర్లు పోసి కొన్న మఫ్లర్.

మన భాషలో చెప్పాలంటే హాన్స్ ఒక లైబ్రరీ. బెల్టు మౌంటింగ్ దాని డిపెండెన్సీ. డిపెండెన్సీ తప్పు వెర్షన్ పెట్టి, యూనిట్ టెస్టులు పాసయ్యాయి కాబట్టి ప్రొడక్షన్‌కి పంపేశామంటే టీమ్ లీడు ఊరుకుంటాడా? ఇక్కడ మాత్రం రోల్‌బ్యాక్ ఉండదు మరి.

ఇప్పుడు కోణం సంగతి. హాన్స్ వాడేటప్పుడు భుజం బెల్టులు భుజం నుంచి వెనక్కి అడ్డంగా, అంటే నేలకి సమాంతరంగా వెళ్ళాలి, లేదా అక్కడినుంచి కిందకి 20 డిగ్రీలు మించకుండా దిగాలి. హాన్స్ లేని హార్నెస్‌కి 45 డిగ్రీల దాకా సర్దుకోవచ్చని ఎఫ్ఐఏ నిబంధనలు ఒప్పుకుంటాయి. చాలామంది ఆ 45 నంబరు ఎక్కడో చదివి, దానికి హాన్స్ తగిలించి కూర్చుంటారు. ఆ నంబరు దీనికి కాదు బాబూ.

ఎందుకు కాదో లెక్క చూడండి. ఒక్కో భుజం బెల్టులో 400 కిలోల లాగుడు ఉందనుకుందాం, రెండూ కలిపి 800. వెనక బెల్టు సమాంతరంగా ఉంటే అది భుజాలని వెనక్కే లాగుతుంది. 20 డిగ్రీలు దిగితే సైన్ 20 అంటే 0.34, కాబట్టి దాదాపు 270 కిలోలు భుజాలని కిందకి నొక్కుతాయి. 45 డిగ్రీలు దిగితే సైన్ 45 అంటే 0.7, అప్పుడు దాదాపు 565 కిలోలు. ఇది ఛాతీ మీదుగా ముందుకి దిగే బెల్టు ఎలాగూ నొక్కే నొక్కుడికి అదనం. ఇదంతా మోసేది ఏది? వెన్నుపూసలు. పైగా ఆ కాలర్ కాళ్ళు కూడా మన భుజాల మీదే ఉన్నాయి. రోజుకి పది గంటలు కుర్చీలో వంగి కూర్చునే మన వెన్నుపూసల సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు.

పోనీ కోణం ఎక్కువైతే ఇబ్బంది కాబట్టి పైకి కడదామా? భుజం కన్నా ఎత్తులో కడితే బెల్టు కాలర్‌ని కిందకి అదిమిపెట్టదు. ఒళ్ళు ముందు పైకి లేచి, ఆ తరవాత బెల్టుకి అందుతుంది. అదీ తప్పే. అందుకే అంత ఇరుకైన కోణం ఇచ్చారు, ఊరికే సరదాకి కాదు.

రెండోది, రెండు బెల్టుల మధ్య దూరం. మావాడి కార్లో అవి చెరో దిక్కుకీ పోయాయి. ఫ్యాక్టరీ బోల్టులు ఎక్కడుంటే అక్కడికి. హాన్స్ వాడేటప్పుడు బెల్టులు వెనక దగ్గర దగ్గరగా కట్టాలి. చాలా గైడ్లలో 3 అంగుళాల చుట్టుపక్కల దూరం కనపడుతుంది, ఖచ్చితమైన నంబరు మీ బెల్టుతోనూ డివైస్‌తోనూ వచ్చిన పుస్తకంలో చూసుకోండి. దగ్గరగా ఉంటే బెల్టు కాలర్ కాలి మీద, మెడవైపుకి ఒదిగి కూర్చుంటుంది. దూరంగా ఉంటే గుద్దుకున్నప్పుడు కాలర్ మీంచి భుజం చివరికి జారిపోతుంది. జారిందా, ఇందాక చెప్పిన మఫ్లరే.

మూడోది, పొడుగు. బెల్టు కూడా సాగుతుంది. లెక్క కోసం 10 శాతం అనుకుందాం. సీటు వెనక నుంచి బార్ దాకా ఉన్న ముక్క 30 సెంటీమీటర్లయితే 3 సెంటీమీటర్లు సాగుతుంది. అదే వెనక సీటు నేలదాకా మీటరు పొడుగుంటే 10 సెంటీమీటర్లు. ఆ తేడా 7 సెంటీమీటర్లలో స్టీరింగ్ ఎంత దగ్గరికొస్తుందో మీ కార్లో మీరే కూర్చుని కొలుచుకోండి. అందుకే సీటు వెనకే రోల్ బార్‌కి అడ్డంగా వెల్డింగ్ చేసిన గొట్టానికి చుట్టాలంటారు. చుట్టేటప్పుడు కూడా ఆ మూడు గీతల బకిల్‌లోంచి బెల్టుని మళ్ళీ వెనక్కి తిప్పి దూర్చాలి. చాలామంది ఒక్కసారి దూర్చి వదిలేస్తారు. లాగి చూస్తే గట్టిగానే ఉంటుంది. చేత్తో లాగితే గట్టిగానే ఉంటుంది మరి, గోడ లాగితే కదా తెలిసేది!

నాలుగోది, సీటు. ఫ్యాక్టరీ సీటుకి భుజం బెల్టులు దూరే కన్నాలుండవు. హెడ్‌రెస్ట్ పక్కలనుంచో, దాని రెండు కడ్డీల మధ్యనుంచో తిప్పుతారు. దాంతో బెల్టు ఎక్కడ నిలవాలో అక్కడ నిలవదు. హాన్స్ వెనక గోడ హెడ్‌రెస్ట్‌కి తగిలి తల ముందుకి నెట్టుతూ ఉంటుంది. హార్నెస్ కావాలంటే దానికి తగిన సీటు కూడా కావాలి.

అయిదోది, కింద పట్టీ. ఫోర్-పాయింట్‌లో భుజం బెల్టు ఎంత బిగిస్తే మధ్య బకిల్ అంత పైకి లేస్తుంది. దాంతో నడుము బెల్టు తుంటి ఎముక మీంచి పొట్ట మీదకి ఎక్కుతుంది. గుద్దుకున్నప్పుడు మనిషి బెల్టు కిందనుంచి ముందుకి జారతాడు. దీన్ని సబ్‌మెరైనింగ్ అంటారు. తుంటి ఎముక పట్టుకోవాల్సిన బరువుని లివరూ పేగులూ పట్టుకుంటాయి. కాళ్ళ మధ్యనుంచి వచ్చే పట్టీలు ఉండేది బకిల్‌ని కిందకి పట్టి ఉంచడానికి. "అసౌకర్యంగా ఉంటుంది" అని అది తీసేయించుకున్న మహానుభావులని నేను చూశాను. (న్యాయంగా చెప్పాలి కాబట్టి: ఒక భుజం బెల్టులో కావాలని విప్పుకునే కుట్టు పెట్టి, ఈ జారుడుని తగ్గించేలా డిజైన్ చేసిన ఫోర్-పాయింట్లు ఉన్నాయి. కొన్ని కార్లకి మాత్రమే, కొన్ని సీట్లకి మాత్రమే. మావాడు కొన్నది అది కాదు. ఎర్రగా ఉందని కొన్నాడు.)

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఇవన్నీ నాకు పుట్టుకతో తెలియలేదు. నా మొదటి సీజనంతా నేనూ అచ్చం అలాగే తోలాను. ఒక షాపువాడు (పేరొద్దు) హార్నెస్ అమ్మి, వెనక సీటు బోల్టులకే బిగించి, "యూ ఆర్ గుడ్ టు గో" అన్నాడు. నేను ఇన్‌వాయిస్ మీద సంతకం పెట్టి వచ్చేశాను. ఆఫీసులో నాలుగు లైన్ల కోడ్‌కి ఇద్దరు రివ్యూ చేస్తే గానీ మెర్జ్ చెయ్యని నేను, నా ప్రాణాన్ని ఒక్క ముక్క చదవకుండా మెర్జ్ చేసేశాను. నాలుగు ట్రాక్ డేలు, నాలుగుసార్లూ టెక్ ఇన్‌స్పెక్షన్ పాస్.

అయిదోసారి నాకు పక్క సీట్లో కూర్చోవాల్సిన ఇన్‌స్ట్రక్టర్ డెబ్భై దాటిన పెద్దాయన. కారెక్కలేదు. చుట్టూ తిరిగాడు. జేబులోంచి ఫోన్ తీసి, లెవెల్ చూసే యాప్ పెట్టి, ఫోన్‌ని నా బెల్టు మీద ఆనించాడు. స్క్రీన్ నాకు చూపించాడు. 52 డిగ్రీలు. ఏమీ తిట్టలేదు. అవతల సీటుకీ అలాగే ఉంది కాబట్టి తను కూర్చోనని, కావాలంటే ఫ్యాక్టరీ బెల్టులు మళ్ళీ పెట్టుకుని మధ్యాహ్నం రమ్మని చెప్పి వెళ్ళిపోయాడు. నాకు మొహం చెల్లలేదు. ఆయన మీద కోపం కూడా వచ్చింది, అబద్ధం ఎందుకు. ఆ రాత్రి ఇంటికొచ్చి, డబ్బాలో కవరు కూడా విప్పని మాన్యువల్ తీసి చదివాను. పన్నెండు పేజీలు. బొమ్మలతో సహా. నేను చేసిన తప్పులన్నిటి మీదా ఎర్ర ఇంటూ గుర్తు వేసి ఉంది. ఆ పన్నెండు పేజీలు చదవడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది. అంతకుముందు ఆ హార్నెస్ ఏ రంగు కొనాలో తేల్చుకోవడానికి మూడు రాత్రులు పట్టింది.

కాబట్టి మావాడిని నేను తిట్టేది పైనుంచి కాదు. నేను పడ్డ గోతిలో వాడు పడ్డాడు. కాకపోతే నాకు ఒక ముసలాయన చెయ్యిచ్చాడు, వాడు నా చెయ్యి విదిలించేశాడు.

ఇక వాదనలు. ఈ రెండు వారాల్లో గ్రూపులో నాకు వినిపించినవి, ఒక్కోటీ చూద్దాం.

"మనం రేసింగ్ చెయ్యట్లేదుగా, నేర్చుకుంటున్నాం అంతే." గోడకి ఆ సంగతి తెలియదు. మనం పోటీకెళ్ళామా, పాఠానికెళ్ళామా అని అడిగి గుద్దించుకోదు. నిజానికి రేసర్ కన్నా మనమే ప్రమాదం. వాళ్ళ కారుకి కేజ్ ఉంటుంది, చేతికి అనుభవం ఉంటుంది. మనకి ఉన్నది ఈఎంఐ.

"రేసర్లందరూ వాడేదే కదా, అది పెట్టుకుంటే తప్పేంటి?" రేసర్ వాడేది హాన్స్ ఒక్కటే కాదు. సీటు, రోల్ కేజ్, సిక్స్-పాయింట్ బెల్టు, సరైన కోణం, ఆ పైన హాన్స్. అది ఒక సిస్టమ్. అందులోంచి మెరిసే ముక్క ఒక్కటి పీక్కొచ్చి మన కారుకి తగిలిస్తే అది సిస్టమ్ అవ్వదు. ఇంకో సంగతి: హార్నెస్ మనిషిని నిటారుగా కట్టేస్తుంది. రోల్ బార్ లేని కారు పల్టీ కొట్టి పైకప్పు లోపలికి నొక్కుకుంటే పక్కకి ఒరగడానికి కూడా వీలుండదు.

"మామూలు బెల్టు కన్నా ఏదైనా మేలేగా." కాదు. ఆ మామూలు బెల్టుని, మీ సీటుని, ఎయిర్‌బ్యాగ్‌ని, కారు నిర్మాణాన్ని కలిపి గుద్దించి పరీక్షించారు. అది ఇంటిగ్రేషన్ టెస్ట్ పాసయిన బిల్డ్. మీరు శనివారం సాయంత్రం గ్యారేజీలో బిగించింది ఎవరు పరీక్షించారు? మొదటి పరీక్ష మీరే, బొమ్మ కూడా మీరే.

"దానిమీద సర్టిఫికేషన్ స్టిక్కర్ ఉంది." ఉంది. హాన్స్ మీద ఎస్ఎఫ్ఐ 38.1 స్టిక్కర్, బెల్టు మీద ఎస్ఎఫ్ఐ 16.1 స్టిక్కర్. ఆ స్టిక్కర్ చెప్పేది వస్తువు గురించి. మీరు దాన్ని ఎక్కడ కట్టారో దానికి తెలియదు. అన్నట్టు ఆ ఎస్ఎఫ్ఐ బెల్టుకి ఆయుష్షు తయారైన తేదీ నుంచి 2 ఏళ్ళే. ఎఫ్ఐఏ బెల్టయితే 5 ఏళ్ళు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వచ్చిందని మురిసిపోయేముందు ఆ తేదీ చూసుకోండి.

ఇప్పుడు పెద్ద ఉదాహరణ. 2001 ఫిబ్రవరి 18, డేటోనా 500 చివరి ల్యాప్. అమెరికాలో దేవుడిలా కొలిచే డేల్ ఎర్న్‌హార్ట్ గోడకి కొట్టుకుని చనిపోయాడు. కపాలం అడుగున ఎముక విరిగింది. ఆయన హాన్స్ పెట్టుకోలేదు. అంతకుముందు 2000లో ఆడమ్ పెటీ, కెన్నీ ఇర్విన్, టోనీ రోపర్ వరసగా పోయినా అప్పటికింకా అది తప్పనిసరి కాలేదు. ఎర్న్‌హార్ట్ తరవాత కూడా వెంటనే కాలేదు, ఆ అక్టోబరులో ఇంకో ప్రాణం పోయాకే నాస్కార్ తప్పనిసరి చేసింది. ఫార్ములా వన్‌లో 2003 నుంచి. మెత్తని గోడలు, మంచి సీట్లు కూడా తోడయ్యాయి. 2001 తరవాత నాస్కార్ కప్ సిరీస్‌లో ఒక్క డ్రైవరూ పోలేదు. హాన్స్ గొప్పదనం మీద నాకేం అనుమానం లేదు.

కానీ ఈ కథలో అందరూ మర్చిపోయే ముక్క ఒకటుంది. ఎర్న్‌హార్ట్ కార్లో ఎడమ నడుము బెల్టు తెగిపోయి కనపడింది. బెల్టు అడ్జస్టర్‌లో ఒక పక్కకి మడత పడి పోగుపడిందని, దాంతో తెగిందని అదే ఏడాది ఆగస్టులో వచ్చిన నాస్కార్ రిపోర్టు చెప్పింది. బెల్టు తయారుచేసినవాళ్ళు మేం చెప్పినట్టు బిగించలేదన్నారు. కోర్టు దాకా వెళ్ళింది గొడవ. ఎవరిది తప్పో నేను తీర్పు చెప్పను. కానీ ప్రపంచంలోకెల్లా ఖరీదైన టీముల్లో, పొద్దస్తమానం అదే పని చేసే మెకానిక్కులున్న చోట బెల్టు ఎలా బిగించారన్నది ప్రశ్న అయి కూర్చుంది. మరి గంటకింత అని తీసుకుని స్పీకర్లు బిగించే షాపులో బిగించినదాన్ని మనం అసలు ప్రశ్నించకుండా ఎలా ఎక్కుతాం?

ఆ మడత మన కార్లలోనూ పడుతుంది. బ్రాకెట్ బెల్టు లాగే వైపుకి తిరిగేలా ఉండాలి. తిరగకుండా బిగుసుకుపోతే బరువంతా బెల్టు ఒక అంచు మీదే పడుతుంది. బోల్టు కూడా హార్డ్‌వేర్ షాపులో దొరికే ఏదో ఒకటి కాదు, సీటు బెల్టుల కోసం చేసిన 7/16 అంగుళం గట్టి బోల్టు ఉండాలి.

నాకు అన్నిటికన్నా ఎక్కువ మంట ఆ టెక్ ఇన్‌స్పెక్షన్ మీద. పొద్దున్నే వరసలో నిలబెట్టి, చక్రం ఊపి, బ్రేక్ లైటు చూసి, హెల్మెట్ స్టిక్కర్ చూసి, హాన్స్ స్టిక్కర్ చూసి, అద్దం మీద వాళ్ళ స్టిక్కర్ అతికిస్తారు. స్టిక్కర్ చూసి స్టిక్కర్ ఇవ్వడం! బెల్టు కోణం కొలిచేవాడు నాకు ఇంతవరకూ ఒక్కడే తగిలాడు, ఆయనది ఆ డ్యూటీ కూడా కాదు. వాలంటీర్లు, పాపం టైముండదు అంటారు. ఫోన్ ఆనించడానికి పది సెకన్లు చాలు. ఆ పది సెకన్లు లేకపోతే ఆ స్టిక్కర్ మానెయ్యండి. ఎందుకంటే ఆ స్టిక్కర్ లేకపోతే మావాడు కనీసం అనుమానపడేవాడు. ఉంది కాబట్టి నా నోరు మూయించాడు.

అయినా క్లబ్బుని ఒక్కదాన్నే అని లాభం లేదు. ఇది మన జబ్బు. ఊళ్ళో సీటు బెల్టు పెట్టుకోకుండా ఆ బీప్ శబ్దం ఆపడానికి ఉత్తి క్లిప్పు కొనుక్కుని గుచ్చిన జాతి మనది. 2023లో ప్రభుత్వం ఆన్‌లైన్ అంగళ్ళని ఆ క్లిప్పులు అమ్మొద్దని చెప్పాల్సొచ్చింది. అక్కడ బెల్టు లేకుండా క్లిప్పు. ఇక్కడ మౌంటింగ్ లేకుండా హాన్స్. రేటు మారింది, బుద్ధి మారలేదు. రెండు చోట్లా మనం నోరు మూయించేది కారుని, కాపాడుకునేది ఫోటోని.

మరి ఏం చెయ్యమంటావు అంటారా? రెండే దారులు. ఒకటి, ఫ్యాక్టరీ బెల్టు, మంచి హెల్మెట్, మన స్థాయికి తగ్గ వేగం. మామూలు బెల్టుతో కూడా పనిచేసే మెడ రక్షణ డివైసులు ఒకటి రెండు రకాలున్నాయి, కావాలంటే అవి చూడండి. మామూలు హాన్స్ మాత్రం దాంతో పనిచెయ్యదు. నేను ఆ ముసలాయన దెబ్బ తిన్నాక ఏడాదిన్నర ఫ్యాక్టరీ బెల్టుతోనే తోలాను, నా ల్యాప్ టైములేం పాడవ్వలేదు. రెండోది, పూర్తిగా చెయ్యడం: రోల్ బార్, సీటు, సిక్స్-పాయింట్, సరైన కోణం, ఆ పైన హాన్స్. రెండు సీట్లకీ. డబ్బులు లేకపోతే ఆగండి. మధ్య దారి మాత్రం లేదు. మధ్య దారిలోనే మనవాళ్ళందరూ ఉన్నారు.

ఈ ఆదివారం మీ కార్లో కూర్చుని, హాన్స్ పెట్టుకుని, బెల్టులు బిగించి (ముందు నడుముది, తరవాత భుజాలవి), ఎవరినైనా వెనక నుంచి ఫోన్ ఆనించి చూడమనండి. 20 దాటితే ఆ హార్నెస్ విప్పేసి గ్యారేజీలో పెట్టండి. ఇంట్లోవాళ్ళతో చూపించుకుంటే ఇంకా మంచిది, మనం చెప్పే "సేఫ్" అన్న మాట వినేది వాళ్ళే కాబట్టి.

ఇక నేను ఇది ఎందుకు రాశానంటే, వచ్చే నెల మావాడి బావమరిది గుంటూరు నుంచి వస్తున్నాడు. ఇరవై రెండేళ్ళ కుర్రాడు. వాణ్ణి ట్రాక్‌కి తీసుకెళ్ళి పక్క సీట్లో తిప్పుతానని మావాడు గ్రూపులో రాశాడు. పక్క సీటుకీ అదే ఎర్ర హార్నెస్, అదే నేలమీది బోల్టులు. ఆ కుర్రాడికి కోణాలు తెలియవు, మాన్యువల్ చదవడు. బావ కట్టాడు కదా అని కూర్చుంటాడు.

మామా, నువ్వు నన్ను ఎంత తిట్టుకున్నా ఫరవాలేదు. నా ఫోన్ ఎత్తకపోయినా ఫరవాలేదు. నీ ఫోన్‌ని మాత్రం ఒక్కసారి ఆ బెల్టు మీద ఆనించు.

తా.క.: హార్నెస్ విప్పడానికి సాయం కావాలంటే శనివారం ఖాళీయే. రెంచీలు నేనే తెస్తా. బిర్యానీ నీది.